సంఘం కార్యవర్గం నుంచి సభ్యుణ్ణి తొలగించాలంటే: చిక్కంతా నోటీసు దగ్గరే

"మా సంఘం సెక్రటరీని తీసేశామండి, రిజిస్ట్రార్ ఆఫీసులో మాత్రం పేరు మార్చట్లేదు" అంటూ కాగితాల కట్ట పట్టుకుని తిరిగేవాళ్లను చూస్తూనే ఉన్నాను. కట్టలో తీర్మానం ఉంటుంది, సంతకాలుంటాయి, ఫొటోలు కూడా ఉంటాయి. తీసేసిన మనిషికి నోటీసు ఇచ్చిన రుజువు ఉండదు.

మన రెండు రాష్ట్రాల్లో చాలా వృత్తి సంఘాలు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైనవే. ఎవరినైనా తొలగించేది సంఘమే, రిజిస్ట్రార్ కాదు. ఆయనకు వెళ్లేది మారిన కార్యవర్గం జాబితా.

ముందు బైలా, అంటే సంఘం నియమావళి తీయండి. పాత జిరాక్స్ కాదు, సవరణలన్నీ కలిసిన సర్టిఫైడ్ కాపీ. తొలగించే అధికారం కార్యవర్గానిదా, సర్వసభ్య సమావేశానిదా, ఎంత మెజారిటీ కావాలి, కోరం (కనీస హాజరు) ఎంత అన్నవి అందులోనే చూసుకోవాలి. కార్యవర్గం నుంచి తీసేయడం వేరు, సభ్యత్వం రద్దు చేయడం వేరు. రెండూ ఒకే తీర్మానంలో కలిపేస్తే లేనిపోని తలనొప్పి.

ఇక నోటీసు. ఆరోపణ ఏమిటో స్పష్టంగా రాసి, జవాబుకు గడువిచ్చి, రికార్డులో ఉన్న చిరునామాకు స్పీడ్ పోస్టులో పంపండి. రసీదు, డెలివరీ అయినట్టు రుజువు దాచుకోండి. తీసుకోకుండా తిప్పి పంపారా? ఆ కవరు విప్పకుండా అలాగే ఉంచండి, రేపు అదే మీ సాక్ష్యం. బైలాలో లేనప్పుడు వాట్సాప్ నీలం టిక్కులను నమ్ముకోవద్దు. ఆయన జవాబిస్తే సభలో చదివించి, ఆ సంగతి మినిట్స్‌లో రాయించండి.

సమావేశం నోటీసులోనూ తొలగింపును విడిగా ఒక అజెండా అంశంగా చూపించాలి. "అధ్యక్షుల అనుమతితో ఇతర విషయాలు" కింద కానిచ్చేసిన తీర్మానాలే ఎక్కువగా వివాదంలో పడతాయి.

మీ సంఘం సొసైటీ కాక సెక్షన్ 8 కంపెనీ (లాభాపేక్ష లేని కంపెనీ) అయితే దారి వేరు: కంపెనీల చట్టం సెక్షన్ 169, సమావేశానికి కనీసం 14 రోజుల ముందు ప్రత్యేక నోటీసు, తొలగించాక 30 రోజుల్లో డైరెక్టర్ల మార్పు తెలిపే డీఐఆర్-12 ఫారం.

"పదివేలివ్వండి, పేరు తీయించేస్తాం" అనేవాళ్లు ఆఫీసు బయట తగలొచ్చు. నోటీసు లేని తొలగింపును వాళ్లేమీ నిలబెట్టలేరు. సొసైటీలో తొలగించిన సభ్యుడు 2001 చట్టం సెక్షన్ 23 కింద జిల్లా కోర్టుకు వెళ్లొచ్చు. వెళ్తే కంగారేం లేదు, కాగితం సరిగా ఉంటే చాలు.

తీసేసింది కోశాధికారినైతే, తీర్మానం కాపీతో మర్నాడే బ్యాంకుకు వెళ్లి సంతకాలు మార్పించుకోండి.