బాల్డర్స్ గేట్ 3లో మాంక్‌ని సరిగ్గా ఆడటం ఎలా?

బాల్డర్స్ గేట్ 3 అనే రోల్-ప్లేయింగ్ వీడియో గేమ్‌లో ఉన్న 12 క్లాసుల్లో (పాత్ర రకాల్లో), ఖాళీ చేతులతో పోరాడే మాంక్‌ని చాలామంది మొదటి రెండు మూడు లెవెల్స్‌లోనే వదిలేస్తారు. ఒంటి మీద కవచం ఉండదు, చేతిలో చెప్పుకోదగ్గ కత్తి ఉండదు. గోబ్లిన్లు వరసగా రెండు బాణాలు వేస్తే ప్రాణం సగానికి పడిపోతుంది. పైగా మన పార్టీలో చేరే ముఖ్యమైన సహచరుల్లో ఎవరిదీ ఈ క్లాస్ కాదు, కాబట్టి పక్కవాళ్లను చూసి నేర్చుకునే వీలూ లేదు. కానీ ఐదో లెవెల్ వచ్చాక ఒకే టర్న్‌లో ఒక శత్రువుని నేలకూల్చడంలో మాంక్‌కి దీటైనవాళ్లు తక్కువే. కిటుకంతా బోనస్ యాక్షన్‌లో, అంటే ప్రతి టర్న్‌లో (వంతులో) మామూలు యాక్షన్‌తోపాటు చేయగలిగే చిన్న అదనపు పనిలో ఉంది. మిగతా క్లాసులవాళ్లు దాన్ని ప్రాణం నింపే మందు తాగడానికో, పక్కకి దూకడానికో వాడతారు. మాంక్ దాంతో ఇంకో రెండు గుద్దులు గుద్దుతాడు.

1. పాయింట్లు పంచుకోండి

కవచం, డాలు లేనప్పుడు మాంక్ ఆర్మర్ క్లాస్ (ఎంత ఎక్కువుంటే శత్రువు దెబ్బలు అంత తక్కువ తగులుతాయి) 10కి డెక్స్టెరిటీ (చురుకుదనం), విజ్డమ్ (వివేకం) రెండింటి మాడిఫైయర్లు (స్కోరుని బట్టి వచ్చే అదనపు అంకెలు, 16కి +3) కలుస్తాయి. అందుకే ఈ రెండూ 16 పెట్టండి. కాన్‌స్టిట్యూషన్ 15, కరిజ్మా 10, స్ట్రెంగ్త్, ఇంటెలిజెన్స్ చెరో 8. ఈ లెక్కతో మొదటి రోజే ఆర్మర్ క్లాస్ 16 వస్తుంది. స్ట్రెంగ్త్ 8 ఏంటి, మరీ అంత తక్కువా అనుకోకండి, దాని సంగతి కింద చెప్తాను.

దారిలో మంచి కవచం దొరికింది కదా అని తొడిగితే ఈ లాభమంతా పోతుంది, ఖాళీ చేతుల దెబ్బల బలమూ తగ్గుతుంది. మామూలు దుస్తులు, అంగీలు ఫర్వాలేదు. మొదటి రెండు లెవెల్స్‌లో మాత్రం పిడికిలికి పెద్ద బలం ఉండదు. అప్పటిదాకా పొడవాటి కర్ర ఒకటి రెండు చేతులతో పట్టుకుని కొట్టండి, బోనస్ గుద్దు మాత్రం చేత్తో వేయండి.

2. మూడో లెవెల్లో ఓపెన్ హ్యాండ్ ఎంచుకోండి

ఈ లెవెల్లో మాంక్‌కి ఒక దారి (సబ్‌క్లాస్) ఎంచుకోవాలి. నీడల్లో మాయమయ్యే షాడో దారి సరదాగా ఉంటుంది. నిప్పు, నీరు వాడే ఫోర్ ఎలిమెంట్స్ చూడ్డానికి బాగుంటుంది కానీ కీ పాయింట్లని (మాంక్ ప్రత్యేక దెబ్బలకి ఖర్చయ్యే శక్తి) మంచినీళ్లలా తాగేస్తుంది. 2025లో వచ్చిన ప్యాచ్ 8 అనే అప్‌డేట్‌తో డ్రంకెన్ మాస్టర్ కూడా చేరింది. కొత్తగా ఆడేవాళ్లకి నేను చెప్పేది మాత్రం ఓపెన్ హ్యాండే. ఇందులో ఫ్లరీ ఆఫ్ బ్లోస్ అనే జంట గుద్దులు మూడు రకాలుగా వస్తాయి: టాపిల్ కింద పడేస్తుంది, స్టాగర్ ఎదుటివాడి రియాక్షన్ (వేరేవాళ్ల వంతులో చేసే ప్రతిచర్య) పోగొడుతుంది, పుష్ వెనక్కి నెడుతుంది. కొండ అంచున నిలబడ్డవాడి మీద ఎప్పుడైనా పుష్ వాడి చూడండి. అయితే వాడి దగ్గరున్న సామాన్లు కూడా వాడితోపాటే లోయలోకి పోవచ్చు, అది గుర్తుంచుకోండి.

3. నాలుగో లెవెల్లో టావెర్న్ బ్రాలర్

బిల్డ్ (పాత్రని మలిచే పద్ధతి) మొత్తానికి ప్రాణం ఈ ఫీట్ (కొన్ని లెవెల్స్‌లో ఎంచుకునే ప్రత్యేక నైపుణ్యం). ఖాళీ చేత్తో కొట్టినప్పుడు స్ట్రెంగ్త్ మాడిఫైయర్ ఒకసారి కాకుండా రెండుసార్లు కలుస్తుంది, దెబ్బ తగిలే అవకాశానికీ, డ్యామేజ్‌కీ కూడా. దీంతో వచ్చే అదనపు పాయింట్‌ని కాన్‌స్టిట్యూషన్‌కి ఇస్తే అది 16 అవుతుంది.

స్ట్రెంగ్త్ 8 ఉన్నవాడికి ఇది ఎందుకంటారా? ఎలిక్సర్ ఆఫ్ హిల్ జెయింట్ స్ట్రెంగ్త్ తాగితే లాంగ్ రెస్ట్ (క్యాంప్‌లో రాత్రి నిద్ర) తీసుకునేదాకా స్ట్రెంగ్త్ 21గా ఉంటుంది, అంటే మాడిఫైయర్ +5. ఎమరాల్డ్ గ్రోవ్ అనే చోట ఆంటీ ఎథెల్ అనే ఆవిడ దీన్ని అమ్ముతుంది. లాంగ్ రెస్ట్ తర్వాత ఆవిడ దగ్గర సరుకు మళ్లీ వస్తుంది కాబట్టి వెళ్లినప్పుడల్లా ఉన్నవన్నీ కొనేయండి. కథలో ముందుకెళ్తే ఆవిడతో గొడవ వచ్చే సందర్భం ఉంది, ఆ లోపే సంచి నింపుకోవడం మంచిది. ఒకేసారి రెండు ఎలిక్సర్లు పనిచేయవు, రెండోది తాగితే మొదటిది పోతుంది.

రోజూ ఎలిక్సర్ కొనడం తలనొప్పి అనిపిస్తే మొదటి నుంచీ స్ట్రెంగ్త్ 17 పెట్టుకుని, ఫీట్‌తో 18 చేసుకోండి. అప్పుడు డెక్స్టెరిటీ తగ్గుతుంది, శత్రువుల దెబ్బలు మీకు కాస్త ఎక్కువ తగులుతాయి. ఇప్పటికే పాయింట్లు తప్పుగా పెట్టి ఉంటే టెన్షన్ అక్కర్లేదు, క్యాంప్‌లో ఉండే విథర్స్ అనే పాత్రకి 100 బంగారు నాణేలిస్తే అన్నీ మార్చుకోవచ్చు.

4. ఎవరిని కొట్టాలో చూసుకోండి

మాంక్‌ని ముందు వరసలో గోడలా నిలబెట్టడమే అందరూ చేసే పొరపాటు. అది ఫైటర్ పని. మాంక్‌కి ఉన్నది పరుగు. రెండో లెవెల్ నుంచే మిగతావాళ్లకన్నా 3 మీటర్లు ఎక్కువ కదులుతాడు. వెనకాల దాక్కుని మంత్రాలు వేసేవాడినీ, ఎత్తు మీద నుంచి బాణాలు వేసేవాడినీ వెతికి పట్టుకోవడం మీ వంతు.

ఐదో లెవెల్లో ఒక టర్న్ ఎలా సాగుతుందో చూద్దాం. మంత్రగాడి దగ్గరికి పరిగెత్తండి. ముందు బోనస్ యాక్షన్‌తో ఫ్లరీ, అందులోనూ టాపిల్ వాడండి. వాడు కిందపడితే ఆ తర్వాత దగ్గర్నుంచి కొట్టే ప్రతి దెబ్బకీ అడ్వాంటేజ్ (రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోవడం) వస్తుంది, వాడు ఏకాగ్రతతో పట్టి ఉంచిన మంత్రం కూడా చెదిరిపోతుంది. ఇప్పుడు మామూలు యాక్షన్‌తో ఇంకో రెండు గుద్దులు. ఎలిక్సర్ తాగి ఉంటే ఒక్కో గుద్దు 11 నుంచి 16 దాకా పడుతుంది, నాలుగూ తగిలితే తక్కువలో తక్కువ 44. ఆ దశలో దీన్ని తట్టుకుని నిలబడే మంత్రగాళ్లు అరుదు.

వాడు అప్పటికీ బతికే ఉంటాడనిపిస్తే, చివరి గుద్దుకి బదులు శత్రువుని కదలనీయకుండా చేసే స్టన్నింగ్ స్ట్రైక్ వేయండి. దాన్ని కాన్‌స్టిట్యూషన్‌తో తట్టుకోవాలి కాబట్టి బక్కపలచని మంత్రగాళ్ల మీద బాగా పారుతుంది. ఓగర్ లాంటి భారీకాయుల మీద వాడితే చాలాసార్లు కీ దండగ.

5. కీ దాచుకోవద్దు, షార్ట్ రెస్ట్ మర్చిపోవద్దు

మాంక్ లెవెల్ కన్నా ఒకటి ఎక్కువ కీ పాయింట్లు ఉంటాయి, అంటే ఐదో లెవెల్లో 6. మంత్రగాళ్ల స్పెల్ స్లాట్లు చాలామటుకు లాంగ్ రెస్ట్‌తోనే తిరిగొస్తాయి కానీ కీ షార్ట్ రెస్ట్‌కే (చిన్న విరామానికే) నిండిపోతుంది. లాంగ్ రెస్ట్ లోపు రెండు షార్ట్ రెస్టులు దొరుకుతాయి, పార్టీలో బార్డ్ (పాటగాడి క్లాస్) ఉంటే మూడోది కూడా. అంటే పెద్ద పోరాటం అవ్వగానే ఒకటి వాడేసుకోవచ్చు. ఎలిక్సర్ కూడా లాంగ్ రెస్ట్ వరకే కాబట్టి నిద్రని ఎంత వెనక్కి నెడితే అంత లాభం.

మూడో లెవెల్లో వచ్చే డిఫ్లెక్ట్ మిసైల్స్ బాణాల దెబ్బ తగ్గిస్తుంది. రియాక్షన్ల జాబితాలో అది ఆన్ అయి ఉందో లేదో ఒకసారి చూసుకోండి.

6. చివరికి దొంగ చేయి కలపండి

ఆటలో లెవెల్ 12 దగ్గర ఆగిపోతుంది. మాంక్ ఆరో లెవెల్ దాకా వెళ్లి, అక్కడి నుంచి మూడు లెవెల్స్ రోగ్ అనే వేరే క్లాస్ తీసుకుని, అందులో థీఫ్ (దొంగ) దారి ఎంచుకోండి. దాంతో ఇంకో బోనస్ యాక్షన్ వస్తుంది, అంటే ఒకే టర్న్‌లో రెండు ఫ్లరీలు, మొత్తం ఆరు గుద్దులు. మిగిలిన మూడు లెవెల్స్ మళ్లీ మాంక్‌కే పెట్టి 9కి తీసుకెళ్తే చేతిలో 10 కీ ఉంటాయి. టర్న్‌కి రెండేసి ఫ్లరీలు వేసినా ఐదు టర్న్‌ల వరకు సరిపోతాయి. అంతసేపు సాగే పోరాటాలు ఆటలో తక్కువ.