రక్తం తక్కువన్నారా? రిపోర్టులో ఏం చూడాలంటే

టంగుటూరులో పొగాకు గ్రేడింగ్‌కి పోయే మా పిన్నికి నాలుగు మెట్లెక్కితే ఆయాసం. పక్కనున్నావిడ "రక్తం తక్కువుందేమో, బీట్‌రూట్ తాగు" అంటే రెండు నెలలు అదే తాగింది. చివరికి ఒంగోలులో సీబీపీ (రక్తకణాల లెక్క చెప్పే పరీక్ష) చేయిస్తే హెచ్‌బీ, అంటే హిమోగ్లోబిన్, 8.4.

ఆ అంకె ఎంత తక్కువో తెలియాలంటే ముందు ఆవిడ గర్భిణీనా కాదా చూడాలి. గర్భం లేని ఆడవాళ్ళకి 12 లోపు ఉంటే రక్తహీనత. 11 నుంచి 11.9 కొంచెం తక్కువ, 8 నుంచి 10.9 మధ్యరకం, 8 లోపు తీవ్రం. కడుపుతో ఉన్నప్పుడు రక్తంలో నీరు పెరిగి పలచబడుతుంది కాబట్టి లెక్క మారుతుంది: 11 లోపు తక్కువ, 7 నుంచి 9.9 మధ్యరకం, 7 లోపు తీవ్రం. క్యాంపులో వేలు పొడిచి చూసిన అంకెతో టెన్షన్ పడొద్దు, వేలు గట్టిగా పిండితే తప్పు రావచ్చు, నరం నుంచి తీసిన రక్తంతో ఇంకోసారి చూపించుకోండి.

అంకె ఒక్కటే చూసినా కుదరదు. ఏళ్ళ తరబడి మెల్లగా తగ్గిన మనిషి 7తో కూడా పనికి పోతుంటుంది, ఒక్కసారిగా రక్తం పోయిన మనిషికి మొదట్లో హెచ్‌బీ బాగానే కనిపించి, కళ్ళు మాత్రం తిరుగుతుంటాయి. కూర్చున్నా ఆయాసం, గుండెలో నొప్పి ఉంటే, గర్భిణీకి 7 లోపు వస్తే, ఆ రోజే పెద్దాసుపత్రికి పోవాలి.

తర్వాత అదే కాగితంలో ఎంసీవీ (ఎర్రకణాల సగటు సైజు) చూడండి, చాలామంది అసలు చూడరు. 80 లోపు ఉంటే ఎక్కువగా ఐరన్ లోపం, 100 దాటితే బీ12 లేదా ఫోలిక్ యాసిడ్ వైపు అనుమానించాలి. రెండు లోపాలూ కలిస్తే ఎంసీవీ మామూలుగానే కనిపించి మోసం చేస్తుంది, అప్పుడు ఆర్‌డీడబ్ల్యూ (ఎర్రకణాల సైజుల్లో తేడా చెప్పే అంకె) పెరిగి ఉంటుంది. ఐరన్ సంగతి తేలాలంటే ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే పరీక్ష) చేయించాలి: 15 లోపు ఉంటే నిల్వ అయిపోయినట్టే. కానీ జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఫెరిటిన్ దానంతటదే పెరుగుతుంది, ఆ టైంలో 40 వచ్చిందని సంబరపడొద్దు.

ఎంసీవీ బాగా తక్కువ, ఎర్రకణాల సంఖ్య మాత్రం ఎక్కువ, ఫెరిటిన్ బాగానే ఉంది అంటే తలసీమియా (తల్లిదండ్రుల నుంచి పిల్లలకి వచ్చే రక్తజబ్బు) క్యారియర్ కావచ్చు, దానికి హెచ్‌పీఎల్‌సీ అని వేరే పరీక్ష ఉంది. మనవైపు మేనరికాలు మామూలే కదా, పిల్లల్ని కనకముందే భార్యాభర్తలిద్దరూ చేయించుకుంటే మంచిది.

పిన్నికి ఎంసీవీ 66, ఫెరిటిన్ 5. రెండేళ్ళుగా నెలసరిలో రక్తం ఎక్కువ పోతోందంట, ఎవరికీ చెప్పలేదు! స్కానింగ్‌లో గర్భసంచిలో గడ్డ కనపడింది. ఐరన్ మాత్రలు మొదలెట్టాక నెలకి ఇంకోసారి చూస్తే 9.8 (నెలకి ఒక పాయింటన్నా పెరగాలి, పెరగకపోతే మాత్ర సరిగ్గా వేసుకోవట్లేదో, రక్తం ఇంకా పోతోందో, కారణమే వేరో కనుక్కోవాలి). ఇక మానేయొచ్చా అని అడిగితే, 12 దాటాక కూడా మూడు నెలలు వాడాలన్నారు డాక్టరమ్మ. మాత్రకి దగ్గర్లో టీ తాగొద్దన్నారు కూడా, అందుకని ఇప్పుడు పిన్ని గ్లాసు పట్టుకునే ముందు గడియారం చూస్తోంది.