గీతలు గీసిన పుస్తకంలో కావలసిన పేరా దొరకనప్పుడు

పుస్తకంలో నచ్చిన వాక్యం కింద గీత గీయడం నాకు కాలేజీ రోజుల నుంచీ అలవాటు. మొదట బాల్‌పెన్ను, తర్వాత పసుపు హైలైటర్. నిరుడు ఒక చరిత్ర పుస్తకంలో తెలంగాణ గొలుసుకట్టు చెరువుల గురించిన పేరా కావలసి వచ్చి గంటసేపు వెతికాను. ప్రతి పేజీలోనూ గీతలే. వాటిలో ఏది ముఖ్యమో నాకే తెలియలేదు. పైగా కాగితం పలచన కావడంతో సిరా వెనక పేజీకి దిగి అక్షరాలను కమ్మేసింది. ఇష్టమైన పుస్తకాన్ని చేజేతులా పాడుచేసుకున్నానని చాలా బాధపడ్డాను.

ఇప్పుడు 2బీ పెన్సిల్ వాడుతున్నాను. మామూలుగా వాడే హెచ్‌బీ పెన్సిల్ కన్నా దానిలో గ్రాఫైట్ పాలు ఎక్కువ, బంకమట్టి తక్కువ. అందుకే నొక్కకుండానే నల్లగా రాస్తుంది, కాగితం మీద గాడి పడదు. వాక్యాల కింద గీయడం మానేసి, అంచున చిన్న నిలువు గీతతో సరిపెడుతున్నాను. అదీ అధ్యాయం పూర్తయ్యాక, వెనక్కి వచ్చి. చదువుతున్నంతసేపూ అన్నీ ముఖ్యంగానే కనిపిస్తాయి కదా!

అన్నిటికన్నా మేలు చేసింది చివరి ఖాళీ పేజీ. అక్కడ పేజీ అంకె, పక్కన రెండు మూడు మాటలు: ‘84 – తూము మరమ్మతు’, ‘131 – కరువు ఏడాది ధరలు’. తెలుగు పుస్తకాల్లో చాలావాటికి పదసూచిక ఉండదు; ఆ లోటు నాకు ఇలా తీరింది. రచయితతో ఏకీభవించలేని చోట ప్రశ్నార్థకం పెట్టి, కారణం కూడా రాస్తున్నాను. గ్రంథాలయం నుంచి తెచ్చిన పుస్తకమైతే ఇదంతా విడి కాగితం మీదే.