నేలవేమును గుర్తుపట్టి, పెంచి, కషాయం కాయడం ఎలా?

మూలికల కొట్టులో నేలవేము అడిగితే రెండు వేర్వేరు మొక్కల్లో ఏదైనా పొట్లంలోకి రావచ్చు. ఒకటి మన అడవుల్లో, తోటల నీడలో వానాకాలం మొలిచే ఆండ్రోగ్రాఫిస్ పానిక్యులేటా. ఇంకోటి హిమాలయాల్లో పెరిగే కిరాతతిక్తం, అంటే స్వెర్షియా చిరాయిత. రెండూ చేదే గానీ చుట్టరికం లేదు. మొదటిది అడ్డసరం కుటుంబానిది, రెండోది జెన్షియన్ కుటుంబానిది. ఖరీదైన చిరాయితలో చవకైన మన నేలవేము కలిపి అమ్మడం వ్యాపారంలో పాత అలవాటు. ఇక్కడ చెప్పేదంతా మన నేలవేము గురించే.

మొక్కను గుర్తుపట్టడం

ముందు కాండాన్ని వేళ్ల మధ్య తిప్పి చూడండి. నాలుగు పలకలు స్పష్టంగా తగలాలి. మొక్క నిటారుగా, బాగా కొమ్మలేసి, మోకాలి ఎత్తు నుంచి నడుము ఎత్తు వరకు పెరుగుతుంది. ఆకులు ఎదురెదురుగా, మిరపాకులా రెండు కొసలూ సన్నబడి, నూగు లేకుండా నున్నగా ఉంటాయి. పువ్వు సెంటీమీటరుకు అటూ ఇటూ ఉండే చిన్న తెల్లపువ్వు. రెండు పెదవులుగా చీలి ఉంటుంది, ఒక పెదవి మీద ఊదా రంగు మచ్చలు కనిపిస్తాయి. బయటికి పొడుచుకొచ్చిన కేసరాలు రెండే. భూతద్దం ఉంటే పుప్పొడి తిత్తుల అడుగున గడ్డంలాంటి నూగు కూడా చూడొచ్చు. కాయ సుమారు 2 సెం.మీ. పొడవు, 3 మి.మీ. వెడల్పు, రెండు చివర్లా మొన. పండి ఎండాక రెండుగా పగిలి గింజల్ని దూరంగా చిమ్ముతుంది.

బీళ్లలో, దారి పక్కన పొట్టిగా, ఒళ్లంతా నూగుతో కనిపించేది ఆండ్రోగ్రాఫిస్ ఎఖియాయిడిస్. అదీ ఇదీ ఒకటి కాదు. తూర్పు కనుమల్లో ఈ ప్రజాతివి ఇంకా చాలా జాతులున్నాయి. ఆండ్రోగ్రాఫిస్ నల్లమలయానా పేరులోనే దాని ఊరు ఉంది. అలాంటి అరుదైన వాటిని పొరపాటున పీకే ప్రమాదం ఉంది కాబట్టి అడవిలో ఏరుకునే బదులు పెరట్లో నాలుగు మొక్కలు వేసుకోవడం మేలు.

ఎండు సరుకు కొనేటప్పుడు పుల్లను అడ్డంగా విరిచి చూడండి. నాలుగు పలకలు, పచ్చదనం కనిపిస్తే మన నేలవేము. గుండ్రంగా, గోధుమ రంగులో ఉండి, లోపల పసుపుపచ్చని బెండు వెడల్పుగా ఉంటే అది చిరాయిత.

విత్తడం, నాటడం

ఎక్కువమంది దెబ్బతినేది విత్తనం దగ్గరే. తాజా గింజకు ఐదారు నెలల నిద్ర ఉంటుంది. చలికాలంలో తీసిన గింజను వెంటనే చల్లి, మొలవలేదని పారేస్తారు. అదే గింజను డబ్బాలో దాచి మే చివర్లోనో జూన్‌లోనో చల్లితే వారం, పది రోజుల్లో మొలక కనిపిస్తుంది. గింజ చాలా చిన్నది కాబట్టి ఇసుకలో కలిపి చల్లి, పైన పలచగా మెత్తటి ఎరువు జల్లితే చాలు. లోతుగా కప్పితే పైకి రాలేదు. మొలిచేదాకా మడి ఆరకూడదు. నీళ్లు ధారగా పోస్తే గింజలు కొట్టుకుపోతాయి, చిలకరించాలి.

నెల, నెలా పది రోజుల నారును వరుసల మధ్య 30 సెం.మీ., మొక్కల మధ్య 15 నుంచి 30 సెం.మీ. ఎడంతో నాటాలి. కుండీలో అయితే 12 అంగుళాల దానికి ఒక మొక్క చాలు. కొంచెం నీడ ఉన్నా పర్వాలేదు, నీరు నిలిస్తే మాత్రం వేరు కుళ్లుతుంది. పొలంలో వేసేవాళ్లకు లక్నోలోని సీమ్యాప్ (కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల పరిశోధన సంస్థ) విడుదల చేసిన ‘సిమ్-మేఘా’ రకం ఉంది. సీమ్యాప్‌కు హైదరాబాద్‌లోనూ పరిశోధన కేంద్రం ఉంది, విత్తనం గురించి అక్కడ విచారించవచ్చు.

ఎప్పుడు కోయాలి?

చేదుకు కారణమైన ఆండ్రోగ్రాఫొలైడ్‌ను 1911లో గోర్టర్ అనే శాస్త్రవేత్త శుద్ధరూపంలో వేరుచేశాడు. అది ఎక్కువగా ఆకులోనే ఉంటుంది, కాండంలో బాగా తక్కువ. నాటిన 90 నుంచి 120 రోజులకు మొక్క పూతకొస్తుంది. మొదటి పూలు కనిపించగానే కోయాలి. కాయలు పడేదాకా ఆగితే ఆకు రాలిపోతుంది, తూకం ఉంటుంది గానీ అందులో పుల్లలే ఎక్కువ. బజారు సరుకులో నాసిరకం ఎక్కువగా ఇలా తయారయ్యేదే. నేలకు 10 సెం.మీ. పైన కోస్తే మళ్లీ చిగురిస్తుంది. విత్తనానికి ఒకటి రెండు మొక్కలు వదిలేసి, కాయ గోధుమ రంగుకు తిరుగుతుండగానే, పగలకముందే గుడ్డసంచిలోకి కోసుకోవాలి.

కోసిన కొమ్మల్ని నీడలో, గాలి ఆడేచోట పలచగా పరిచి రోజూ తిరగేయాలి. పచ్చిగా కుప్ప పోస్తే లోపల వేడెక్కి ఆకు నల్లబడి బూజు పడుతుంది. చేత్తో నలిపితే పొడిపొడి అయ్యాక గాలి చొరని డబ్బాలో పెట్టండి. నిల్వలో సత్తువ తగ్గుతుంది కాబట్టి ఏడాదికి మించి దాచొద్దు.

కషాయం

పెద్దవాళ్లకు ఒక పూటకు 3 గ్రాముల ఎండు నేలవేము. చెంచా కొలతను నమ్మొద్దు, నలిపిన ఆకు, పుల్లలు కలిసిన ముతక పొడి, మెత్తటి చూర్ణం మూడూ మూడు బరువులు తూగుతాయి. 200 మి.లీ. నీళ్లలో వేసి, సన్న సెగ మీద 50 మి.లీ. మిగిలేదాకా మరిగించి వడకట్టాలి. జ్వరానికి 3 గ్రాముల ఎండు మొక్కతో కాచిన కషాయం రోజుకు రెండు పూటలా అని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ మూలిక మీద వేసిన వివరణ పత్రం (మోనోగ్రాఫ్)లో ఉంది. ఆండ్రోగ్రాఫొలైడ్ చన్నీళ్లలో సరిగా కరగదు, అందుకే రాత్రి నానబెట్టి పొద్దున తాగే పద్ధతికి ఫలితం తక్కువ. బెల్లం వేసినా ఈ చేదు లొంగదు, ఒక్క గుక్కలో తాగేయడమే మార్గం. పరగడుపున వద్దు, తిన్న తర్వాత తాగండి.

తమిళనాడులో డెంగీ, చికున్‌గున్యా రోజుల్లో ప్రభుత్వం పంచిన నిలవేంబు కుడినీర్‌లో శొంఠి, మిరియాలు, వట్టివేరు, తుంగముస్తలు, చందనంతో కలిపి మొత్తం తొమ్మిది దినుసులుంటాయి. ఒక్క నేలవేము కాచుకుని అదే తాగుతున్నామనుకోవద్దు. డెంగీ అనుమానం ఉంటే ఏ కషాయం తాగుతున్నా రక్తపరీక్ష తప్పదు.

ఎవరు ముట్టకూడదు?

గర్భిణులు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు, పాలిచ్చే తల్లులు దీన్ని వాడొద్దు. పసిపిల్లలకు సొంతంగా పట్టొద్దు. షుగరు, బీపీ మాత్రలు, రక్తం పలచబరిచే మందులు, అవయవ మార్పిడి తర్వాత ఇచ్చే మందులు వాడేవాళ్లు డాక్టరుకు చెప్పకుండా మొదలుపెట్టొద్దు. మోతాదు ఎక్కువైతే కడుపులో మంట, వాంతులు, ఉన్న ఆకలి కూడా పోవడం మామూలు. వారం దాటి వాడొద్దు. తీవ్రమైన అలర్జీ గురించి ఆస్ట్రేలియా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరికలిచ్చింది. దద్దుర్లు, పెదవులు వాయడం, ఊపిరి అందకపోవడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పల్లెల్లో పాముకాటుకూ ఈ ఆకు నూరి పోస్తారు. ఆ పని పెట్టుకోకండి, విషానికి విరుగుడు యాంటీవెనమ్ ఇంజెక్షనే, అది దొరికే ఆసుపత్రికి మనిషిని నడిపించకుండా తీసుకెళ్లండి.