పూరీలోకి ఉర్లగడ్డ కూర: ఇంట్లో ఆరుగురికి ఎలా చేయాలి?

నెల్లూరులో పుట్టిన నాకు అది ఉర్లగడ్డ. కందుకూరు వైపు మా అత్తగారింట్లో బంగాళదుంప. పేరు దగ్గర ఇప్పటికీ రాజీ కుదరలేదు గానీ, ఆదివారం పొద్దున పూరీలోకి ఆ కూర ఎలా ఉండాలన్న దాంట్లో మాత్రం రెండిళ్ళదీ ఒకే మాట. గరిటతో వడ్డిస్తే ప్లేటులో మెల్లగా పరుచుకోవాలి. నీళ్ళలా పారకూడదు, ముద్దలా కూర్చోకూడదు. పూరీ ముక్కతో తీస్తే ఒక గడ్డ ముక్క, దాంతోపాటు రెండు ఎర్రగడ్డ చీలికలు రావాలి. మా వైపు ఎర్రగడ్డ అంటే ఉల్లిపాయే లెండి.

పెళ్ళయిన కొత్తలో అత్తగారింట్లో మొదటిసారి ఈ కూర నేనే చేస్తానని ముందుకెళ్ళాను. మెత్తగా రావాలని ఉడికిన గడ్డల్ని మిక్సీలో ఒక తిప్పు తిప్పాను. గరిటకి అంటుకున్నది వదల్లేదు. "దీంతో ఎలక్షన్ పోస్టర్లు అంటించొచ్చమ్మాయ్" అన్నారు మా అత్తమ్మ, నవ్వుతూనే. ఉడికిన గడ్డలోని పిండి చిన్న చిన్న గదుల్లో ఉన్నట్టు ఉంటుంది. చేత్తో చిదిపితే ఆ గదులు ఒకదాన్నుంచి ఒకటి విడిపోతాయంతే. మిక్సీ బ్లేడు వాటిని చీల్చేస్తుంది, లోపలి పిండంతా బయటపడి జిగురవుతుంది. అప్పట్నుంచి ఈ కూర జోలికి మిక్సీని రానివ్వలేదు.

కావలసినవి

ఆరుగురికి ఉర్లగడ్డలు ముప్పావు కిలో, ఎర్రగడ్డలు పెద్దవి నాలుగు, పచ్చిమిరపకాయలు ఆరేడు, బొటనవేలంత అల్లం, శనగపిండి రెండు టేబుల్ స్పూన్లు, కరివేపాకు రెండు రెబ్బలు, పసుపు అర టీ స్పూను, అర చెక్క నిమ్మకాయ, కొత్తిమీర, ఉప్పు. తిరగమోతకి మూడు టేబుల్ స్పూన్ల నూనె, పచ్చి శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, జీలకర్ర. పూరీలకి అర కిలో గోధుమపిండి, రెండు స్పూన్ల బొంబాయి రవ్వ.

గరం మసాలా, తెల్లగడ్డ (అంటే వెల్లుల్లి) నేను వెయ్యను. వేసుకునేవాళ్ళతో తగువు లేదు గానీ, అప్పుడది చపాతీలోకి కూర అవుతుంది.

గడ్డలు ఎంచుకోవడం

తొక్క గోటితో గీకితే లేచిపోయే కొత్త గడ్డలు వేపుడుకి బాగుంటాయి, ఈ కూరకి చిదమడానికి రావు. తొక్క ముదిరి, చేతిలో గట్టిగా ఉన్న పాత గడ్డలు తీసుకోండి. ఆకుపచ్చగా మారినవి, మొలకలొచ్చినవి చేదుగా ఉంటాయి, ఒంటికీ మంచివి కావు. మొహమాటం లేకుండా పారేయండి. ఫ్రిజ్‌లో అసలు పెట్టొద్దు. చలికి గడ్డలోని పిండి చక్కెరగా మారుతుంది. కోల్డ్ స్టోరేజీ నుంచి వచ్చిన గడ్డలు ఒక్కోసారి తియ్యగా ఉండేది ఇందుకే. అలాంటివి దొరికితే వారం రోజులు గాలి తగిలే బుట్టలో వదిలేస్తే తీపి కొంత తగ్గుతుంది.

ఉడకబెట్టడం, పిండి కలపడం

గడ్డల్ని తొక్కతోనే, పెద్దవైతే రెండు ముక్కలు చేసి, కొంచెం ఉప్పేసి కుక్కర్లో మూడు విజిళ్ళు రానివ్వండి. విజిల్ ఎత్తి ఆవిరి తీసెయ్యకుండా దానంతటదే దిగనివ్వాలి.

కుక్కర్ పొయ్యి మీద ఉండగానే పూరీ పిండి కలిపేయండి. గోధుమపిండిలో రవ్వ, ఉప్పు, ఒక స్పూను నూనె వేసి, పావు లీటరుకి కాస్త తక్కువ నీళ్ళతో గట్టిగా కలపాలి. నీళ్ళు కొంచెం కొంచెంగా పొయ్యండి, ఒక్కో పిండి ఒక్కో రకంగా తాగుతుంది. చపాతీ పిండిలా మెత్తగా ఉంటే పూరీలు నూనె పీలుస్తాయి. మూతపెట్టి ఇరవై నిమిషాలు ఉంచితే చాలు.

గడ్డల తొక్క గోరువెచ్చగా ఉన్నప్పుడే తీసేసి చేత్తో చిదమండి. సగం పొడిపొడిగా, సగం గోళీకాయలంత ముక్కలుగా. పొడి కూరని చిక్కబరుస్తుంది, ముక్కలు నోటికి తగులుతాయి.

కూర

ఎర్రగడ్డల్ని నిలువుగా, కొంచెం లావుగా కోయండి. సన్నగా తరిగితే ఉడికి కనబడకుండా పోతాయి. బాణలిలో నూనె కాగాక పచ్చి శనగపప్పు, మినప్పప్పు వేసి, రంగు తిరిగేటప్పుడు ఆవాలు, జీలకర్ర వెయ్యండి. చిటపటలాడాక సన్నగా తరిగిన అల్లం, చీల్చిన పచ్చిమిర్చి, కరివేపాకు. ఆ వెంటనే ఎర్రగడ్డలు, కాస్త ఉప్పు, పసుపు.

ఇక్కడే చాలామంది తొందరపడతారు, లేదా మరీ ఎక్కువసేపు ఉంచుతారు. ఎర్రగడ్డ ఎర్రగా వేగకూడదు. వేగితే కూర రంగు మారి, రుచి తీపికి తిరుగుతుంది. అద్దంలా మెరుస్తూ మెత్తబడితే చాలు. అప్పుడు మూడు గ్లాసుల నీళ్ళు పోసి, ఎర్రగడ్డల్ని ఆ నీళ్ళలో ఐదు నిమిషాలు మరగనివ్వండి. హోటల్ కూరకి ఆ రుచి వచ్చేది ఈ మరుగుడులోనే అని నా నమ్మకం. ఆ తర్వాతే చిదిమిన గడ్డలు వేసి కలపాలి.

శనగపిండిని అర గ్లాసు చన్నీళ్ళలో ఉండల్లేకుండా కలుపుకోండి. పొడిపిండిని నేరుగా మరిగే కూరలో చల్లితే పైపొర అప్పటికప్పుడే ఉడికి, లోపల పచ్చిపిండి ఉండలుగా మిగిలిపోతుంది. కలిపిన పిండిని సన్నని ధారగా పోస్తూ రెండో చేత్తో తిప్పుతూ ఉండాలి. పచ్చివాసన పోయేదాకా, అంటే నాలుగైదు నిమిషాలు, చిన్న మంట మీద ఉంచండి. ఉప్పు చూసుకోండి. కూర ఇంకా పల్చగా ఉందే అనిపించినప్పుడే దించెయ్యాలి. చల్లారేకొద్దీ అదే చిక్కబడుతుంది. ఆలస్యమై గట్టిపడితే వేడినీళ్ళు కలిపి ఒక్క పొంగు రానిస్తే సరి.

నిమ్మకాయ దించాకే పిండండి. పొదలకూరు నిమ్మకాయైతే రసం బాగా దిగుతుంది, అర చెక్క కూడా ఎక్కువే. ముందే గడ్డలు ఉడకబెట్టకుండా పచ్చి ముక్కలతో కూర చేసేవాళ్ళు టమాటా, నిమ్మకాయ లాంటి పులుపుని ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. పులుపులో పడ్డ పచ్చి ముక్క ఎంతసేపు ఉడికించినా గట్టిగానే ఉంటుంది.

పూరీలు

పొడిపిండి చల్లకుండా పీటకి నూనె రాసి ఒత్తండి, లేకపోతే ఆ పిండంతా నూనెలో మాడి నల్లబడుతుంది. మరీ పల్చగా ఒత్తితే అప్పడంలా విరుగుతాయి. నూనెలో చిటికెడు పిండిముద్ద వేస్తే వెంటనే పైకి తేలాలి, అదీ లెక్క. పూరీ వెయ్యగానే చిల్లుల గరిటతో మెల్లగా నొక్కితే పొంగుతుంది. అర కిలోకి ఇరవై పైనే వస్తాయి. మా ఇంట్లో పిల్లలు మొదటి వాయి దాకా కూడా ఆగరు, అందుకే కూర అయ్యాకే నూనె పొయ్యి మీద పెడతాను.

కూర మిగిలితే మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. మర్నాడు పెనం మీద నీళ్ళు ఇగిరిపోయేదాకా గట్టిపరిచి, దోశ మీద ఎర్రకారం పూసి, పైన పప్పులపొడి చల్లి, మధ్యలో ఈ కూర పెట్టి మడవండి. పిల్లలకైతే కారం పలచగా పూయండి.