వెదురు ఫ్లై రాడ్‌కి గైడ్లు ఎంచే ముందు జాగ్రత్తలు

గైడ్లంటే చేపలు పట్టే ఈ గాలపు కర్రకి పట్టుదారంతో కట్టే చిన్న లోహపు రింగులు, లైను (గాలపు తాడు) వాటిలోంచే సాగుతుంది. పాత రాడ్ అయితే ముందు బ్లేడు కాదు, స్కేలు పట్టుకోండి. కొస నుంచి ఒక్కో గైడు ఎంత దూరంలో, ఏ పలక (రాడ్ చదును ముఖం) మీద ఉందో రాసుకుని, ఫొటో తీశాకే పట్టుదారం విప్పండి. మా మామయ్య నీలగిరుల్లో ట్రౌట్ పట్టిన రాడ్‌ని పెరంబూర్ ఇంట్లో విప్పినప్పుడు నేనీ పని చెయ్యలేదు. పైగా దారాన్ని వెదురు మీదే కోశాను, పైనారలో సన్నటి గాటు పడింది. రాడ్ బలమంతా ఆ నారలోనే ఉంటుంది. ఇప్పటికీ ఆ గాటు మీద వేలు పడితే మనసు చివుక్కుమంటుంది. దారాన్ని ఎప్పుడూ గైడు పాదం (దారం కింద రాడ్‌కి ఆనే భాగం) లోహం మీదే కొయ్యండి.

కొత్త స్నేక్ గైడు (మెలితిప్పిన తీగతో చేసిన గైడు) పాదాల అంచులు మొద్దుగా ఉంటాయి. సన్నటి ఆకురాయితో వాలుగా అరగదీసి, చివర కాగితమంత పలచన చెయ్యాలి. అడుగున గరుకు ఉండకూడదు, గోటి మీద లాగితే గీత పడకూడదు. లేకపోతే రాడ్ వంగిన ప్రతిసారీ ఆ అంచు వెదురులోకి దిగుతుంది.

పాత గైడ్లలో లైను రాసుకుని గాడి పడిందేమో చూడండి. స్ట్రిప్పింగ్ గైడుకి (పిడికి దగ్గరున్న పెద్ద గైడు) లోపల అగేట్ రాయి రింగు ఉంటే లోపల దూది తిప్పండి. పోగు చిక్కుకుంటే బీట ఉన్నట్టే, ఎంత అందంగా ఉన్నా వాడొద్దు.

కొస వైపు తేలికైన చిన్న సైజులే వెయ్యండి. బరువు పెరిగితే రాడ్ మందగిస్తుంది. టిప్‌టాప్ (రాడ్ కొసకి తొడిగే గైడు) గొట్టం కొలత అంగుళంలో 64వ వంతుల్లో ఉంటుంది: 5 అంటే దాదాపు 2 మిల్లీమీటర్లు. దాన్ని వేడికి కరిగే జిగురుతోనే అతికించండి, రేపు మార్చాల్సొస్తే తేలిగ్గా ఊడుతుంది.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, చెన్నై వానల్లో, దారం మీద పూసే వార్నిష్ జోలికి పోకండి, తేమకి సరిగ్గా ఆరదు.