డెల్ఫీ 7 నుంచి కొత్త వెర్షన్‌కు మారబోతున్నారా? ముందు ఈ జాగ్రత్తలు చూసుకోండి

విండోస్ ప్రోగ్రాములు రాసే పనిముట్టు డెల్ఫీలో 13వ వెర్షన్ వచ్చినప్పటి నుంచి ఒంగోలు, నెల్లూరుల్లో మన పని చేసేవాళ్లు వరసగా ఫోన్లు చేస్తున్నారు, అన్నా ఈసారైనా మారిపోదామా అని. రైస్ మిల్లులకు, చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీలకు, రొయ్యల మేత దుకాణాలకు మనం రాసిచ్చిన బిల్లింగ్ ప్రోగ్రాములు చాలావరకు 2002లో వచ్చిన డెల్ఫీ 7 మీదే ఇంకా నడుస్తున్నాయి. బోర్లాండ్ కంపెనీ 1995 ఫిబ్రవరి 14న మొదటి డెల్ఫీ విడుదల చేసింది, ముప్పై ఏళ్లు దాటింది, ఇంకా కొత్త వెర్షన్ వస్తోందంటే నాకు నిజంగా సంతోషంగా ఉంది. ఈ పనిముట్టుతోనే మా ఇల్లు గడిచింది.

నా మటుకు మారమనే చెప్తాను. కానీ ఒక్క సంగతి బాగా గుర్తుపెట్టుకోండి. కంపైల్ కాని, అంటే కంప్యూటర్ నడిపే ప్రోగ్రాంగా మారని లైను గురించి భయపడక్కర్లేదు, అది ఎర్రర్ చూపిస్తుంది, మనం దిద్దుకుంటాం. ఏ ఎర్రరూ లేకుండా కంపైలైపోయి, మిల్లులో నడుస్తూ నడుస్తూ లెక్కనో పేరునో మార్చేసే లైన్లు ఉంటాయి చూడండి, ప్రమాదమంతా వాటితోనే. కింద రాసినవన్నీ వాటిని పట్టుకోవడానికే.

మొదట తేదీ సంగతి. డెల్ఫీ 11 సెప్టెంబరు 2021లో, 12 నవంబరు 2023లో, 13 సెప్టెంబరు 2025లో వచ్చాయి. అంటే కొత్తది చేతికొచ్చి మనకు ఉత్సాహం పెరిగే సమయానికి మన దగ్గర తుపాన్ల కాలం మొదలవుతుంది. 2023 నవంబరులో ఒక మిల్లులో కొత్త ప్రోగ్రాం పెట్టడానికి నేను తేదీ కూడా అనుకున్నాను, యజమాని సంక్రాంతి దాటనివ్వు అంటే ఆగాను. డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది, ఇక్కడ కరెంటూ లేదు, నెట్టూ లేదు. సగం టేబుళ్లు పాతవి, సగం కొత్తవి అయి ఉన్న సమయంలో అది వచ్చి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ టెన్షన్ వస్తుంది. కాబట్టి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మీ ఇంట్లో, మీ కంప్యూటర్లో ఎంతైనా పరీక్షించుకోండి, మిల్లులో మాత్రం పెట్టకండి. మార్చి, ఏప్రిల్‌లలో పంట కోతలు, మార్చి 31 లెక్కలు ఉంటాయి, అప్పుడూ వద్దు. ఆగస్టు, సెప్టెంబరుల్లో ఎడగారు ధాన్యం వస్తుంది, అప్పుడూ వద్దు. నా అనుభవంలో జూన్, జూలై నెలలు మంచివి. అందులోనూ 20వ తేదీన జీఎస్‌టీ రిటర్న్ వేసేశాక, నెలాఖరు రాకముందు ఉండే ఆ వారం రోజులు చూసుకోండి.

పాత డెల్ఫీ 7 ఉన్న కంప్యూటర్‌ను ముట్టుకోవద్దు. వీలైతే దాన్ని మొత్తంగా ఒక వర్చువల్ మెషీన్‌లోకి (కంప్యూటర్ లోపల నడిచే ఇంకో కంప్యూటర్) మార్చి, కాపీ రెండు చోట్ల దాచండి. ప్రాజెక్టు ఫోల్డర్‌ను కూడా కాపీ చేసుకుని ఆ కాపీనే కొత్త వెర్షన్‌లో తెరవండి, ఎందుకంటే కొత్త దాంట్లో ఒక ఫారం (ప్రోగ్రాం తెర డిజైన్) తెరిచి సేవ్ చేస్తే ఫారం ఫైల్లోకి కొత్త ప్రాపర్టీలు చేరతాయి, తర్వాత డెల్ఫీ 7లో తెరిస్తే ఈ ప్రాపర్టీ లేదు అని గొడవ చేస్తుంది. కోడు మార్పులన్నీ దాచిపెట్టే గిట్ వాడేవాళ్లు వేరే బ్రాంచ్ (విడి శాఖ) పెట్టుకోండి. వాడనివాళ్లు ఈ పనితోనైనా మొదలుపెట్టండి.

ఇక అసలు విషయం, స్ట్రింగులు. డెల్ఫీ 2009 అనే వెర్షన్‌లో స్ట్రింగ్ (అక్షరాల వరస) యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ ఒకే పద్ధతి) అయింది. అంతకుముందు ఒక అక్షరానికి ఒక బైటు, ఆ తర్వాత రెండు బైట్లు. ఇది అందరికీ తెలిసిన మాటే. తెలిసి కూడా నేను దెబ్బతిన్నాను. 2012లో నెల్లూరు దగ్గర ఒక మిల్లు ప్రోగ్రాంను డెల్ఫీ ఎక్స్‌ఈ 2కు మార్చాను. ఇంట్లో అంతా బాగుంది, బిల్లు వస్తోంది, స్టాకు కలుస్తోంది. మర్నాడు పొద్దున గుమాస్తా ఫోన్ చేశాడు: "అన్నా, లారీ కాటా మీదనే ఉండాది, బరువు కాడ ఏందో చైనా అక్షరాలు పడతా ఉండాయి." కాటా నుంచి సీరియల్ కేబుల్‌లో వచ్చే అంకెలు ఒక్కోటి ఒక్కో బైటు. నేను వాటిని చదివి ఉంచే చోటును (బఫర్) చార్, అంటే ఒక అక్షరం, అని రాశాను. డెల్ఫీ 7లో అది ఒక బైటే కాబట్టి పదేళ్లు సరిగ్గా నడిచింది. కొత్త దాంట్లో రెండేసి అంకెలు కలిసి ఒక అక్షరమై, అలా కనపడ్డాయి. ఇంట్లో కాటా లేదు కాబట్టి నేను చూడలేదు. బయట గేటు దాకా లారీలు, ట్రాక్టర్లు నిలబడిపోయాయి. పాత ప్రోగ్రాం పెట్టించి, ఆ రోజు గడిపాం.

అప్పటి నుంచి నేను చేసేది ఇది. ప్రోగ్రాం బయటి వస్తువుతో మాట్లాడే చోటులన్నీ ముందు కాగితం మీద రాసుకుంటాను: కాటా, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్, బార్‌కోడ్, ఎస్సెమ్మెస్ పంపే డీఎల్ఎల్ (విడి ప్రోగ్రాం ఫైలు), ఆడిటర్‌కు ఇచ్చే టెక్స్ట్ ఫైలు. ఆ చోట్ల చార్ ఉంటే ఒక బైటుదైన ఆన్సీచార్, దాని చిరునామా అయిన పీచార్ ఉంటే పీఆన్సీచార్ చేస్తాను, వీలైతే నేరుగా బైట్ల అర్రే వాడతాను. కాటా ఇండికేటర్ పంపే వరసను మిల్లులోనే ఒక ఫైల్లోకి పట్టుకుని ఇంటికి తెచ్చుకుని దానితో పరీక్షిస్తాను. ప్రింటర్‌కు నేరుగా కోడ్లు పంపే చోట లెంగ్త్ అని రాసి ఉంటే ఇంకా జాగ్రత్త, అది అక్షరాల లెక్క చెప్తుంది, ప్రింటర్ అడిగేది బైట్ల లెక్క. ఫలితంగా బిల్లు సగమే వెళ్తుంది. ఫిల్‌చార్, మూవ్, స్ట్రీమ్‌లోకి రాసే రైట్, ఇవీ బైట్ల లెక్కే అడుగుతాయి, ఈ మూడు పదాలను ప్రాజెక్టు మొత్తంలో వెతికి ఒక్కొక్కటీ కళ్లతో చూడండి. వందలుంటే వందలూ చూడండి.

కంపైలర్ వార్నింగులు ఆపేయకండి. డబ్ల్యూ 1057, డబ్ల్యూ 1058 అని వేలల్లో వస్తాయి, చూసి విసుగొచ్చి ఆపేసినవాళ్లు నాకు తెలుసు. 1057 ఆన్సీ (ఒక బైటు అక్షరాల పాత పద్ధతి) నుంచి యూనికోడ్‌కు మారుతోందని చెప్తుంది, చాలాసార్లు పరవాలేదు. 1058 మాత్రం యూనికోడ్ నుంచి ఆన్సీకి మారేటప్పుడు డేటా పోవచ్చు అని. తెలుగు పేరు ఆ దారిలో ఒక్కసారి వెళ్లిందంటే వరసగా ప్రశ్న గుర్తులే మిగులుతాయి, వెనక్కి రాదు. ముందు 1058 ఒక్కటీ లేకుండా చేసుకోండి.

ఈ తెలుగు పేరు కోసమే నేను మారదామంటున్నాను, మిగతావన్నీ తర్వాత. ధాన్యం తోలిన రైతు బిల్లు చేతిలోకి తీసుకుని, ఇంగ్లీషు పెద్దక్షరాల్లో ఉన్న తన పేరు కనుక్కోలేక, "అబ్బయా, ఇందులో నా పేరేది?" అని గుమాస్తాను అడగడం నేను చాలాసార్లు చూశాను. తన పంట, తన డబ్బు, తన పేరు చదువుకోలేకపోవడం ఏమిటి? డెల్ఫీ 7లో అను ఫాంట్లతో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) ఏదో సర్దేవాళ్లం, వెతకడానికి పనికొచ్చేది కాదు, అకారాది క్రమం రాదు. కొత్త డెల్ఫీలో అది సహజంగా వస్తుంది. అయితే మూడు చోట్ల చూసుకోవాలి. ఒకటి, అను ఫాంట్‌లో దాచిన పాత పేర్లు వాటంతటవే యూనికోడ్ కావు, మార్చే ప్రోగ్రాం రాసి, మార్చాక ఊళ్లవారీగా పేర్లు ప్రింటు తీసి మిల్లువాళ్లతో చదివించాలి. రెండోది పొడవు. చీమకుర్తి అన్న మాట కంటికి నాలుగు అక్షరాలు, డెల్ఫీ లెక్కలో తొమ్మిది, యూనికోడ్‌ను ఫైళ్లలో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో 27 బైట్లు. కాపీ ఫంక్షన్‌తో మొదటి పది అక్షరాలు కత్తిరించే పాత అలవాటు వదిలేయాలి, లేకపోతే ఒత్తు ఒకచోట, అక్షరం ఒకచోట పడతాయి. మూడోది ప్రింటర్. డాట్ మ్యాట్రిక్స్‌కు నేరుగా టెక్స్ట్ పంపితే తెలుగు రాదు, విండోస్ డ్రైవర్ ద్వారా బొమ్మలాగా గీయించాలి, అది బాగా నెమ్మది. బండ్లు వరసలో ఉన్నప్పుడు ఒక్కో బిల్లుకు ఎన్ని సెకన్లు పడుతుందో గడియారం పెట్టి చూడండి, ఎక్కువైతే లేజర్ ప్రింటర్ కొనమని ముందే చెప్పండి.

లెక్కల సంగతి. నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు, ధర పుట్టికి చెప్తారు, కాటా కిలోల్లో చూపిస్తుంది, కాబట్టి ప్రతి బిల్లులో 850తో భాగహారం ఉంటుంది. మనలో చాలామంది దీనికి ఎక్స్‌టెండెడ్ అనే దశాంశ సంఖ్యల టైపు వాడాం. 32 బిట్ ప్రోగ్రాంలో అది పది బైట్లు, 64 బిట్ విండోస్‌కు కంపైల్ చేస్తే ఎనిమిదే, డబుల్ అనే చిన్న టైపుతో సమానం. చివర పైసా దగ్గర తేడా రావడానికి అవకాశం ఉంది. పైగా ఎక్స్‌టెండెడ్ ఉన్న రికార్డును అలాగే ఫైల్లోకి రాసి ఉంటే 64 బిట్ ప్రోగ్రాం ఆ పాత ఫైలును తప్పుగా చదువుతుంది. డబ్బుకు కరెన్సీ టైపు వాడండి, నాలుగు దశాంశాల దాకా కచ్చితంగా ఉంచుతుంది. ఇంకొకటి, డెల్ఫీ 12 నుంచి దశాంశ సంఖ్యల లెక్కల్లో వచ్చే ఎక్సెప్షన్లు (ఎర్రర్ చూపి ఆపేవి) మామూలుగా ఆపి ఉంటాయి. ఇదివరకు సగటు ధర లెక్కలో కిలోలు సున్నా అయితే ఎర్రర్ వచ్చి బిల్లు ఆగేది. ఇప్పుడు ఆగదు, అనంతం అనే విలువతో ముందుకు వెళ్తుంది, టేబుల్లో కూడా చేరవచ్చు. భాగహారానికి ముందు సున్నా ఉందేమో చూసుకోండి, లేదా ప్రోగ్రాం మొదట్లోనే సెట్‌ఎక్సెప్షన్‌మాస్క్‌తో పాత పద్ధతికి తెచ్చుకోండి. పోయిన సంవత్సరం బిల్లులన్నీ రెండు ప్రోగ్రాముల్లోనూ మళ్లీ లెక్క కట్టించి, మొత్తాలను పక్కపక్కన పెట్టి చూశాకే మిల్లు గేటు దాటించండి.

డేటాబేసు, కంపైలరు, 64 బిట్ మూడూ ఒకేరోజు మార్చొద్దు. బోర్లాండ్ పాత డేటాబేస్ ఇంజన్ బీడీఈతో పారడాక్స్ అనే పాత రకం టేబుళ్లు వాడుతున్నవాళ్లు ముందు కొత్త డెల్ఫీలో 32 బిట్‌గానే, బీడీఈ విడిగా పెట్టుకుని ఒక నెల నడపండి. తర్వాత ఫైర్‌బర్డ్ అనే ఉచిత డేటాబేసుకు వెళ్లండి, క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్8 పెట్టండి, తెలుగు పేర్లు అప్పుడే చేర్చండి. 64 బిట్ ఆఖరున, ఎందుకంటే అక్కడ బీడీఈ లేదు. ప్రోగ్రాం చిన్నదైతే 64 బిట్ అవసరమే రాకపోవచ్చు.

నాకు కోపం తెప్పించేది డెల్ఫీ ధర. చిన్న ఊళ్లో ఒక్కడే కూర్చుని రాసుకునేవాడికి అది భారం. పైగా ప్రొఫెషనల్ ఎడిషన్ తీసుకుంటే, డేటాబేసుకు కలిపే ఫైర్‌డాక్‌తో స్థానిక డేటాబేసులకే కనెక్ట్ కావచ్చు, ఇంకో కంప్యూటర్‌లో ఉన్న సర్వర్‌కు వెళ్లాలంటే ఇంకా పై ఎడిషన్ కొనాలి. కొనేముందు ఇది చూసుకోండి, కొన్నాక తెలిస్తే చాలా బాధ. ఏడాదికి 5,000 డాలర్లు దాటని ఆదాయం ఉన్నవాళ్లకు కమ్యూనిటీ ఎడిషన్ ఉచితం, కానీ కొత్త వెర్షన్ వచ్చిన రోజే అది రాదు, నేర్చుకోవడానికి ఉన్నదానితో మొదలుపెట్టండి. బయట కొన్న కాంపొనెంట్లలో (ప్రోగ్రాంలో కలుపుకునే సిద్ధ భాగాలు) సోర్స్ కోడు లేనివి ఏవో ఈరోజే రాసి పెట్టుకోండి. ఒక వెర్షన్ డీసీయూ (కంపైలైన ఫైలు) ఇంకో వెర్షన్‌లో పనిచేయదు, అమ్మినవాళ్లు దుకాణం మూసేసి ఉంటే ఆ భాగం తిరగరాయాల్సిందే, ఆ రోజులు కూడా లెక్కలో వేసుకోండి. డెల్ఫీ 13 ఐడీఈ (మనం కోడు రాసే ప్రోగ్రాం) 64 బిట్‌లోనూ వస్తుంది, పెద్ద ప్రాజెక్టులకు మంచిదే, కానీ అందులో డిజైన్ చేయాలంటే కాంపొనెంట్లూ 64 బిట్‌వి కావాలి. పాతవి ఉంటే 32 బిట్ ఐడీఈలోనే పని చేసుకోండి.

మిల్లులో పెట్టే రోజు పొద్దున్నే, మొదటి బండి రాకముందు వెళ్లండి. డేటా ఫోల్డర్ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఒకటి, మీ ల్యాప్‌టాప్‌లోకి ఒకటి కాపీ చేసి, రెండోదాన్ని మీ ల్యాప్‌టాప్‌లో తెరిచి నిన్నటి ఆఖరి బిల్లు కనపడుతోందో లేదో చూడండి. యూపీఎస్ బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో ప్లగ్గు తీసి పరీక్షించండి. పాత ప్రోగ్రాం ఐకాన్ డెస్క్‌టాప్ మీదే ఉంచండి, దాని మీద తెలుగులో "పాతది" అని రాయండి, గుమాస్తాను కూర్చోబెట్టి ఏ పరిస్థితిలో అది తెరవాలో, అప్పుడు వేసిన బిల్లులను మళ్లీ కొత్త దాంట్లోకి ఎలా ఎక్కించాలో రెండుసార్లు చేయించండి. మొదటి మూడు రోజులు సాయంత్రం కాటా పుస్తకంలో చేత్తో రాసిన బరువులను కంప్యూటర్ బరువులతో ఒక్కొక్క బండీ మీరే కలపండి.